ఐదు ప్యాకెట్ల నూనె

పనిచేసే ఆఫీసు మూతపడ్డాక ఆమె సబ్బులు చెయ్యడం మొదలుపెట్టింది. వంటింట్లో కలిపి, హాల్లో బల్ల మీద నెల రోజులు ఆరబెట్టి, ఫోనులో చూపించి అమ్మేది. ఏడాదిపాటు ఆ పేజీ వంక కన్నెత్తి చూసిన నాథుడు లేడు. ఉన్నట్టుండి, సబ్బు కోస్తున్న ఒక వీడియోని లక్షల మంది చూశారు. అందులో ఏం కనిపించిందో చూసినవాళ్లకే తెలియాలి! జనం ఆమెకు సబ్బులమ్మ అని పేరు కూడా పెట్టేశారు. ఆరిన అరవై సబ్బులూ వారంలో ఊడ్చిపెట్టుకుపోయాయి. మొగుడి ఉద్యోగం ఊడి ఆర్నెల్లయింది కాబట్టి ప్యాకింగూ, కెమెరా ఆయన పని. ఇప్పుడు ఇల్లు నడిచేది ఈ సబ్బుల మీదే.

ఆ రోజు మధ్యాహ్నం ఒక మెసేజీ వచ్చింది. పేజీలో బుజ్జిగాడి అమ్మ అని పేరు పెట్టుకున్నావిడ పంపింది.

"అక్కా, సబ్బు అందింది. చేతికి రాస్తే చురుక్కుమంది. కొత్తది కాబట్టా? సాయంత్రం బాబుకి స్నానం చేయించాలి. మూడో నెల వాడికి."

ఆమె మెసేజీ రెండుసార్లు చదివింది. సబ్బులో పడే కాస్టిక్ సోడాను నూనె పూర్తిగా తినెయ్యాలి. నూనె తగ్గితే మిగిలిన సోడా చర్మాన్ని తింటుంది. అందుకే సోడాని గ్రాము తేడా రాకుండా తూస్తుంది. నూనె మాత్రం ఏనాడూ తూచలేదు. లీటరు ప్యాకెట్టు లీటరేగా, ఐదు కత్తిరించి వంపితే సరి.

కత్తిరించిన ప్యాకెట్లను పారెయ్యకుండా సబ్బు అచ్చుల కింద పరవడం ఆమె అలవాటు. రెండు లాగింది. ఒకటి పాతది, లీటరు. రెండోది ఈ మధ్యది. అదే బొమ్మ, అదే రంగు, అదే ధర. మూల మీద చీమంత అక్షరాల్లో ఎనిమిది వందల మిల్లీలీటర్లు అని ఉంది. ధర పెంచితే గోల చేస్తారని కంపెనీవాడు గుట్టుగా నూనె తగ్గించాడు.

బల్ల మీద ఆ అరవై సబ్బుల విడతలో విరిగిన ముక్క ఒకటి మిగిలింది. ప్రతి విడతా నాలుక కొసకి ఆనించి చూసేది, ఈసారి హడావిడిలో మరిచింది. ఇప్పుడు ఆనించింది. సూదితో పొడిచినట్టయి ముక్క జారి కిందపడింది.

మెసేజీ పెట్టింది, అవతల చూడలేదు. పార్సిలు మీది నంబరుకి మూడుసార్లు ఫోన్ చేసింది, ఎత్తలేదు.

"లైవు పెట్టండి," అంది మొగుడితో.

"నీకేమైనా పిచ్చా? ఒక్కొక్కరికీ మెల్లగా చెబుదాం. అందరి ముందూ చెబితే రేపటి నుంచి మన మొహం ఎవరు చూస్తారు? మళ్లీ రోడ్డున పడతాం."

ఆయన చెడ్డవాడు కాదు, భయపడ్డాడు. ఆమెకూ అదే భయం. కానీ గడియారం నాలుగున్నర చూపిస్తోంది.

"మూడు నెలల పసిగుడ్డండీ," అంది.

ఆయన ఫోను పట్టుకున్నాడు.

ఆమె రెండు ప్యాకెట్లూ కెమెరా ముందు పెట్టింది. "తప్పు నాదే. తూచుకోలేదు. ఈ నెలలో పంపిన సబ్బు ఎవరూ ఒంటికి రాయొద్దు. కొన్నవాళ్లంతా చూశామని జవాబు పెట్టండి. బుజ్జిగాడి అమ్మ ఎవరికైనా తెలిస్తే దయచేసి చెప్పండి." అదే మళ్లీ మళ్లీ చెప్పింది. తిట్లు వర్షంలా కురిశాయి. హంతకురాలు అన్నారు. సబ్బులమ్మ కాస్తా విషమ్మ అయింది. పేజీ వదిలిపోయేవాళ్ల లెక్క ఆమెకి పట్టలేదు. ఆమె కళ్లు ఒక్క పేరు కోసం వెతుకుతున్నాయి. ఐదైంది. ఐదుంపావు అయింది.

అప్పుడొచ్చింది.

"అక్కా, బాబు నిద్రపోతున్నాడని ఫోను మోగకుండా పెట్టాను. మా చెల్లి మీ లైవు చూసి పరిగెత్తుకొచ్చింది. నీళ్లు తోడేశాను, బట్టలు కూడా విప్పాను. సబ్బు ఇంకా తడపలేదు."

ఆమె నేల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. మొగుడు ఒక చేత్తో ఫోను పక్కకి తిప్పాడు.

"ఇంకా ఎంతమంది ఉన్నారు?" అన్నాడు.

"జవాబు రానివాళ్లు ముప్ఫై ఏడుగురు."

ఆయన మరో చెయ్యి ఆసరా ఇచ్చి ఆమెను లేపి, కెమెరా మళ్లీ ఆమె వైపు తిప్పాడు.