తయ్యబ్ దగ్గు

పొద్దున కాఫీ పొంగే వేళకి పడకగది గోడలోంచి తయ్యబ్ దగ్గు వినిపించేది. ఆయన పోయి పన్నెండేళ్ళయింది. కోడలు యమీనా పొయ్యి దగ్గర్నుంచే "లేచావా మామయ్యా" అని పలకరించి, మొగుడు బూజెమాకి కప్పు అందించేది.

ష్లెఫ్ ఊళ్ళో ఆ పేట మొత్తం అంతే. భూకంపం ఊరిని కూల్చేశాక, నాలుగు రోజులు తలదాచుకోమని కట్టిచ్చిన ఆస్బెస్టాస్ పలకల ఇళ్ళవి. నాలుగు రోజులు కాస్తా నలభై ఏళ్ళు దాటాయి. ఊపిరితిత్తుల జబ్బుతో ఎవరు పోయినా వాళ్ళ దగ్గు ఆ ఇంటి గోడలోనే ఉండిపోయేది. అద్దెకొచ్చేవాళ్ళు "ఈ గదిలో ఎవరున్నారు?" అని అడిగి, మంచం కాస్త ఎడంగా వేసుకునేవారు.

ఇప్పుడు జనాన్ని ఊరి చివర అపార్ట్‌మెంట్లకి పంపి ఆ ఇళ్ళు విప్పేస్తున్నారు. బూజెమాకి ఆ పని దొరికింది. వయసు యాభై నాలుగు, చేతిలో తాపీ పని. అప్పట్లో ఆ పలకల్ని రంపంతో కోసి బిగించినవాడు అతని తండ్రి తయ్యబే.

పని మొదలైన మూడోరోజున లఖ్దర్ అనే వడ్రంగి ఓపిక లేక ఒక గోడని సుత్తితో పగలగొట్టాడు. అది ఎప్పుడో పోయిన ఖదూజా పెద్దమ్మ గోడ. ఆ సాయంత్రం నుంచి లఖ్దర్ ఆవిడ గొంతుతో దగ్గుతున్నాడు. ఆరడుగుల మనిషి, సన్నగా, ముసలామె దగ్గు దగ్గి, చివర "యా రబ్బీ, దేవుడా" అని మూలిగేవాడు. పని ఆపేశారు. శిక్షణ అయితేగానీ ఎవరూ పలక ముట్టుకోకూడదన్నారు.

శిక్షణ ఇవ్వడానికి రాజధాని నుంచి వసీలా అనే ఇంజినీరు వచ్చింది. యువజన భవనంలో కుర్చీలు వేశారు. ఆమె బల్లమీద నీళ్ళు చిమ్మే పంపు, మాస్కు, ప్లాస్టిక్ చుట్ట పెట్టుకుని నిలబడింది.

"కొయ్యకూడదు, పగలగొట్టకూడదు. ముందు తడపాలి. మరలు విప్పి పలకని విరక్కుండా దించాలి. రెండు పొరల ప్లాస్టిక్‌లో చుట్టాలి. పనిబట్టలు ఇంటికి తీసుకెళ్ళకూడదు. ఈ పలకల్లోంచి లేచే పీచు కంటికి కనబడదు. ఇవాళ పీలిస్తే ముప్పయ్యేళ్ళకి జబ్బు బయటపడుతుంది."

"ముప్పయ్యేళ్ళకి నాకు ఎనభై నాలుగమ్మా," అన్నాడు బూజెమా. "ఆ వయసులో దగ్గకపోతే జనం అనుమానిస్తారు."

అందరూ నవ్వారు. లఖ్దర్ కూడా నవ్వబోయాడు. నవ్వు మధ్యలో ఖదూజా పెద్దమ్మ దగ్గింది. దగ్గు ఆగేదాకా వసీలా తలవంచుకుని నిలబడి, "నువ్వు కూర్చో పెద్దమ్మా" అని, మళ్ళీ పాఠంలోకి వెళ్ళింది.

మధ్యాహ్నం మాస్కు పరీక్ష. బూజెమా మాస్కు పెట్టుకోగానే వసీలా అతని తలమీద ముసుగు దించి అందులోకి ఏదో మందు చిమ్మింది.

"చేదు తగిలిందా?"

"మా ఆవిడ కాఫీ అంత కాదు."

"చేదు దూరిన చోట పీచూ దూరుతుంది బూజెమా అన్నా. నీ గడ్డం మాస్కుని అతకనివ్వడం లేదు. తీసేయాలి."

పాతికేళ్ళ గడ్డం అది. రెండురోజులు గింజుకుని మూడోరోజు మంగలి దగ్గర కూర్చున్నాడు. ఇంటికొస్తే యమీనా గుమ్మంలోనే ఆపి, "ఎవరు కావాలయ్యా?" అంది.

పని మళ్ళీ మొదలైంది. తడిసిన గోడలు నీళ్ళు తాగినవాళ్ళలా నెమ్మదించేవి. చుట్టిన పలకల్ని వీధి పొడవునా పేర్చేవారు. గాలి లేని ఎండలో కూడా ఆ ప్లాస్టిక్ మెల్లగా ఉబ్బుతూ, మెల్లగా అణుగుతూ ఉండేది. మనుషులు వాటి పక్కనుంచి సద్దు చెయ్యకుండా నడిచేవారు.

చివరికి బూజెమా ఇంటి వంతు వచ్చింది. యమీనా సామాను పంపేసి గోడమీద అరచెయ్యి ఆనించింది.

"మామయ్యని ఏం చేస్తారు?"

"చుట్టి పంపుతాం. గొయ్యిలో పెట్టి మట్టి కప్పుతారు."

"ఒకసారి పూడ్చాం కదా," అంది. చెయ్యి తీసి వెళ్ళిపోయింది.

బూజెమా ఒక్కడే లోపలికి వెళ్ళాడు. ఖాళీ గదిలో దగ్గు పెద్దగా వినిపిస్తోంది. మరలన్నీ విప్పేశాడు, ఒక్కటి మిగిలింది. ఆ ఒక్కదాన్ని విప్పడానికి చెయ్యి రాలేదు. పన్నెండేళ్ళుగా పొద్దున్నే నాయన ఇంట్లోనే ఉన్నాడు. రేపు కొత్త ఫ్లాటులో ఎవరుంటారు? లఖ్దర్ గుర్తొచ్చాడు. వాడెక్కడికి వెళ్ళినా ఖదూజా పెద్దమ్మ వాడితోనే ఉంది.

మాస్కు పట్టీ వదులు చేశాడు. మొహంమీంచి తీసేశాడు. పలక అంచుని రెండు చేతులా పట్టుకుని, విరవడానికి సిద్ధమై, దగ్గరగా మొహం పెట్టాడు.

"రా నాయనా. నాతో వచ్చెయ్."

దగ్గు ఆగిపోయింది.

అతని వేళ్ళ కింద పలక వణుకుతోంది. దగ్గు తన్నుకొస్తుంటే నోరు బిగబట్టుకున్న మనిషి రొమ్ములాగా బిగుసుకుపోయి వణుకుతోంది. బూజెమా ఆగాడు. గోడా ఆగింది. కొడుకు మీదికి దగ్గకూడదని ఊపిరి బిగించిన ముసలాయన అతని కళ్ళకి కట్టాడు. ఇంకాసేపు ఇలా ఉంచితే నాయనని రెండోసారి చంపినట్టేననిపించింది.

"సరే, సరే," అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. మాస్కు పెట్టుకుని పట్టీలు బిగించి, నేర్పిన ప్రకారం అరచేతులతో అదిమి ఊపిరి పీల్చి చూశాడు. ఎక్కడా సందు లేదు.

అప్పుడు దగ్గాడు తయ్యబ్. బిగబట్టిందంతా ఒక్కసారి వదిలాడు. గోడ చల్లబడేదాకా బూజెమా నీళ్ళు కొడుతూనే ఉన్నాడు. ఆఖరి మర విప్పి, పలకని చంటిబిడ్డని దించినట్టు దించి, రెండు పొరలూ చుట్టాడు.

లారీ డ్రైవరు ఆ ఊరివాడు కాడు. చుట్టిన పలకలు ఎక్కించాక వెనక్కి తిరిగి చూసి, "లోపల ఎవరో దగ్గుతున్నారేంటి?" అన్నాడు.

"మా నాయన," అన్నాడు బూజెమా. "గతుకుల దగ్గర మెల్లగా పోనీ."