నిచ్చెన మీద అశోక్

ఆ రోబో సినిమాల మొదటి మూడు భాగాలనూ ఇషాక్, అశోక్ కలిసే చూశారు. నాలుగో భాగాన్ని కొత్త దర్శకురాలు తీస్తోందని తెలిసినప్పటి నుంచి ఇద్దరికీ రోజూ గొడవే. విడుదల రోజు ఉదయం గుంటూరులో థియేటర్ ముందు ఇషాక్ కట్టించిన ఫ్లెక్సీలో ఆమె ఫొటో కనబడగానే, అశోక్ నిచ్చెన వేసుకుని బ్లేడుతో పైకెక్కాడు.

"ఇంటి ఏడుపుల సినిమాలు తీసుకునే ఆవిడకి రోబో గురించి ఏం తెలుసురా? మన పాత డైరెక్టర్ ఫొటో ఏది?"

"ఆయన తీసిన మూడోదానికి నువ్వే నిద్రపోయావు కదరా."

చుట్టూ చేరిన అభిమానులు కొయ్యమని అరుస్తున్నారు. అశోక్ ఆమె మొహం అంచున బ్లేడు ఆనించాడు. నిచ్చెన ఊగింది. దాన్ని పట్టుకున్నది ఇషాక్ ఒక్కడే. వదిలేసి వెళ్లిపోవాలన్నంత కోపం వచ్చింది అతనికి.

"పట్టుకున్నావా?" అశోక్ గొంతు తగ్గింది.

"పట్టుకున్నా. నువ్వు కోసినా వదలను. కానీ సినిమా చూడకుండా కోస్తే మాత్రం ఇక నీతో ఏ సినిమాకీ రాను."

అశోక్ బ్లేడు జేబులో వేసుకుని మెల్లగా దిగాడు. కిందివాళ్లు గేలి చేసినా పట్టించుకోలేదు.

లోపల ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. తెర మీద దర్శకురాలి పేరు పడినప్పుడు ఇషాక్ ఈల వేశాడు. అశోక్ వేయలేదు. వెనక వరసలో ఎవరో ఆమెను బూతులు తిట్టారు.

అశోక్ వెనక్కి తిరిగాడు. "నోరు మూసుకుని ముందు సినిమా చూడరా," అన్నాడు.