చివరి పదహారు పేజీలు

జిగురు దగ్గరపడేదాకా గరిటె ఆపకూడదు. ఆపితే ఉండలు కడుతుంది. ఆ ఉండలు రేపు పుస్తకం వీపు మీద పొక్కుల్లా తేలతాయి. అందుకే జిగురక్క ఎడమచేత్తో పొయ్యి మీది గిన్నె అంచు గుడ్డతో పట్టుకుని, కుడిచేత్తో మైదా జిగురు కలుపుతూ, మోచేత్తోనే కిటికీ రెక్కను నెట్టింది. నాలుగు నెలలుగా బిగుసుకుపోయిన రెక్క కిర్రుమని తెరుచుకుంది. ఎండ తగిలిన మట్టి వాసన గదిలోకి వచ్చింది.

"అమ్మయ్య, వచ్చావా తల్లీ! ఇంక రావేమో అనుకున్నా," అంది గాలితో. జిగురులో ఇంకో గరిటెడు నీళ్ళు పోసింది. చలి వదిలాక జిగురు పలచబడాలని ఆమె లెక్క.

లైబ్రరీ రిజిస్టరులో ఆమెకు నిక్షేపంలాంటి పేరు ఉంది. ఆ పేరుతో పిలిస్తే మాత్రం ఆమే వెనక్కి తిరిగి చూడదు. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, ముక్కు చివర కళ్ళద్దాలు. కుడిచేతి చూపుడువేలు కొస ముప్పై ఒక్కేళ్ళ సూదిపోట్లకి గట్టిపడి కాయ కాచింది. రోజూ సాయంత్రం ఇంటికెళ్ళే ముందు సూదిలోంచి దారం లాగేసి, సూదిని రేకు డబ్బాలో పెట్టి మూత వేస్తుంది. దారం ఉన్న సూదంటే పని మిగిలిందని గుర్తు. పని మిగిల్చుకుంటే ఆమెకు నిద్ర పట్టదు.

గిన్నె దించి, చేతులు తుడుచుకుని, చదువుకునే హాల్లోకి వెళ్ళింది. చలికాలమంతా అక్కడి ఇరవై రెండు కుర్చీలూ హీటరు చుట్టూ మూగి ఉంటాయి. చలి విరిగిన మొదటి పొద్దున వాటిని కిటికీల వైపు తిప్పడం ఆమె పెట్టిన ఆచారం. ఎవరూ చెప్పలేదు, ఎవరూ వద్దనలేదు. ఒక్కో కుర్చీనీ నేలమీద ఈడ్చకుండా ఎత్తి తిప్పింది. చలికి కప్పుకోవడానికి ఉంచిన దుప్పట్లు దులిపి మడతపెట్టింది. తర్వాత తలుపు పక్క అరలో, చలికాలమంతా తను కుట్టి, అతికి, కొత్త అట్టలు వేసిన పుస్తకాలు పేర్చి, పైన ఎప్పటి చీటీయే పెట్టింది: 'కొత్తగా చిగురించినవి'. ఏడాదికోసారి ఈ అర కోసమే వచ్చేవాళ్ళు ఊళ్ళో బోలెడుమంది.

ఈసారి అర నిండింది గానీ ఆమె మనసు నిండలేదు. ఇవాళ సాయంత్రం అయిదింటితో ఆమె ఉద్యోగమే అయిపోతుంది. బల్ల మీద ఒక నవల మిగిలిపోయింది. దాని చివరి పదహారు పేజీలు దానివి కావు.

ఆ తప్పు ఆమెదే. పద్దెనిమిదేళ్ళ కిందట పైకప్పు కారి రెండొందల పుస్తకాలు తడిసిపోయాయి. కార్డులన్నీ ముద్దయ్యాయి. పుస్తకాలు విప్పి, ఫారం ఫారంగా ఆరబెట్టి, మళ్ళీ కుట్టేసరికి ఆమె తల ప్రాణం తోకకొచ్చింది. ఫారమంటే పదహారు పేజీల మడత. ఆ నవలా, కూరగాయల పెంపకం మీద ఒక పుస్తకమూ ఒకే సైజు. రెండింటి చివరి ఫారమూ 273వ పేజీతోనే మొదలవుతుంది. అంకె చూసింది, అక్షరం చూడలేదు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందన్నట్టు, పేజీలు సరిచూసుకోమని పదిమందికీ పాఠం చెప్పే మనిషి దీన్ని దానికీ దాన్ని దీనికీ వేసి కుట్టేసింది.

నవల మొదట తీసుకెళ్ళింది టైలరు బాబాయి. మూడోరోజు ఉరుకులు పరుగుల మీద వచ్చాడు. "అమ్మాయ్! ఆ పిల్ల రైలు దిగింది. పెళ్ళాడతానన్నవాడు వచ్చాడా లేదా అని పేజీ తిప్పితే, ఉల్లినారు జానెడు ఎడంగా నాటమని రాసుందే! ఇదేం పెళ్ళమ్మా?"

అప్పటికే కూరగాయల పుస్తకం ఎవరి చేతిలోనో బయటికి వెళ్ళిపోయింది. కార్డు లేదు, ఆచూకీ లేదు. పాత అంగళ్ళన్నీ గాలించినా ఆ నవల ఇంకో ప్రతి దొరకలేదు. ప్రతి వసంతానికీ బాబాయి వచ్చి, "ఏమ్మా, ఆ పిల్ల ఇంకా ప్లాట్‌ఫారం మీదేనా?" అంటాడు. అందరూ నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది. ఇంటికెళ్ళాక మాత్రం నవ్వు రాదు.

పదింటికి లైబ్రేరియన్ ఆమె గది గుమ్మంలో నిలబడ్డాడు. మంచివాడే, మొహమాటస్తుడు. చేతిలో జాబితా ఉంది. "అక్కా, రేపు పొద్దున్నే చిత్తు కాగితాల బండి వస్తుంది. పేజీలు లేనివన్నీ పంపేయమన్నారు. మీ నవల కూడా..."

"అయిదింటిదాకా నా బల్ల మీదున్నది నాది. తర్వాత మీ ఇష్టం," అంది తల ఎత్తకుండా.

"మీ తర్వాత ఈ గదికి ఎవర్నీ ఇవ్వరట అక్కా." ఆ మాట అనేసి అతను గబగబా వెళ్ళిపోయాడు.

పదకొండు దాటాక టైలరు బాబాయి వచ్చి, కిటికీ దగ్గర ఎండ పడే కుర్చీ చూసుకుని కూర్చున్నాడు. ఈసారి ప్లాట్‌ఫారం మాట ఎత్తలేదు. ఇవాళే ఆమె ఉద్యోగానికి ఆఖరి రోజని ఆయనకీ తెలుసు. ఆ మాట ఎత్తకపోవడమే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది.

అప్పుడు మెట్ల మీద నుంచే ఒక గొంతు వినిపించింది. "పుస్తకాలు కుట్టే ఆవిడ ఎక్కడమ్మా?" నర్సరీలో మొక్కలమ్మే ఆవిడ. భారీ మనిషి, గోళ్ళలో మట్టి, చంకలో పాత గుడ్డలో చుట్టిన మూట. బల్ల మీద పెట్టి విప్పింది. "అట్ట ఊడొచ్చింది. విత్తనాల కాలం, ఇది లేకపోతే నాకు చెయ్యాడదు. కొంచెం కుట్టిపెట్టండి. ఇక్కడిదేలెండి, ఇవ్వడం... కాస్త ఆలస్యమైంది."

ఆకుపచ్చ అట్ట, దాని మీద కూరగాయల పెంపకం అన్న అక్షరాలు. వెతకబోయిన తీగ కాలికి తగలడమంటే ఇదే. జిగురక్క వేళ్ళు వాటంతటవే చివరి ఫారం దగ్గరికి పోయాయి. 273. 'ప్లాట్‌ఫారం మీద ఎవరూ లేరు.'

ఆమె హాలు వైపు తిరిగింది. "బాబాయ్!" అని అరిచింది. ముప్పై ఒక్కేళ్ళలో ఆ హాల్లో ఆమె గొంతు లేవడం అదే మొదటిసారి. "ఆ పిల్ల దొరికింది బాబాయ్!"

విషయమంతా విన్నాక నర్సరీ ఆవిడ పుస్తకాన్ని గుండెకు హత్తుకుంది. "ఆ పేజీలు ఇవ్వను. మా ఆయన చనిపోయిన ఏడాది ఇవి చదివాను. అంతకుముందు ఏం జరిగిందో, ఆ పిల్ల ఎవరో నాకు తెలీదు. వంకాయ తెగుళ్ళు అయిపోయి పేజీ తిప్పితే, ప్లాట్‌ఫారం మీద ఒంటరిగా నిలబడుంది. ఎవడో రావాలి, రాలేదు. కాసేపు ఏడ్చింది. తర్వాత పెట్టె తనే ఎత్తుకుని ఊళ్ళోకి నడిచింది. మర్నాడే నేను నర్సరీకి చోటు చూసుకున్నా. ఏటా విత్తనాలు తీసేముందు ఓసారి చదువుకుంటా."

తన తప్పు తలుచుకుని పద్దెనిమిదేళ్ళు కుమిలిన జిగురక్క కళ్ళద్దాలు తీసింది. వాటిని చీర చెంగుతో తుడిచింది. అద్దాలు తుడిచాక కళ్ళు కూడా తుడవాల్సి వచ్చింది.

"రాలేదా వాడు?" అన్నాడు బాబాయి నోరు తెరిచి. "నేను ఇన్నేళ్ళూ వచ్చాడనే అనుకున్నానే! వెధవ!" తల గోక్కుని, "పోనీలే, మంచిదే అయింది. ఆ సోమరిపోతుతో ఆ పిల్ల ఏం సుఖపడేది," అన్నాడు.

"సోమరిపోతా? ఎవడు వాడు? ఏం చేసేవాడు?" నర్సరీ ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి.

"అదంతా ముందు పదిహేడు ఫారాల్లో ఉంది వదినా," అంది జిగురక్క నవలను ఆమె ముందుకు జరిపి. "నీ దగ్గర చివర, మా దగ్గర మొదలు. కలిపి కుట్టేస్తాను. మొదట తీసుకెళ్ళేది నువ్వే. బాబాయికి ఆ పదహారు పేజీలు ఇప్పుడే, ఇక్కడే."

నర్సరీ ఆవిడ ఆలోచించి, పుస్తకం ఆమె చేతికిచ్చింది.

జిగురక్క పాత దారం కత్తిరించి, ఫారాన్ని నలగకుండా విడదీసింది. టైలరు బాబాయి ఎండలో కూర్చుని పైకి చదవసాగాడు. ఆయన ఎక్కడ తడబడితే అక్కడ నర్సరీ ఆవిడ చూడకుండా అందిస్తోంది. పేపరు చదువుతున్నవాళ్ళు పేపరు దించారు. కుర్చీలు ఒక్కొక్కటీ ఆ కిటికీ వైపు జరిగాయి. నిశ్శబ్దంగా ఉండాలన్న బోర్డు కిందే నిలబడి లైబ్రేరియన్ కూడా విన్నాడు. ఆ పిల్ల అద్దెగది కిటికీ తెరిచే చివరి వాక్యానికి హాలంతా చప్పట్లు కొట్టింది. లైబ్రేరియన్ జేబులోంచి జాబితా తీసి నవల పేరు అడ్డంగా కొట్టేశాడు.

మధ్యాహ్నం జిగురక్క నవల మొత్తం విప్పి, మొదటి ఫారం నుంచి మళ్ళీ కుట్టడానికి కూర్చుంది. పక్కనే నర్సరీ ఆవిడ. నవలలోంచి ఊడివచ్చిన ఉల్లి పేజీలు చదువుకుంటూ ఉన్నట్టుండి నెత్తి కొట్టుకుంది. "జానెడు ఎడమా! నేను బెత్తెడే పెడుతున్నాను. అందుకేనా నా ఉల్లి ఏనాడూ గోలీకాయ దాటలేదు!"

జిగురక్క పొట్ట పట్టుకుని నవ్వింది. అలా నవ్వి ఎన్నేళ్ళయిందో. తర్వాత సూది ఆవిడ చేతికిచ్చింది. "మడత మధ్యలో గుచ్చు. పక్క కుట్టులోంచి తీసి ముడెయ్యి. లాగు, కాగితం చిరగనంత లాగు." రెండు ఫారాలు తప్పు, మూడోది పరవాలేదు, నాలుగోది ఒప్పు.

"నారు నాటే చేతులకి ఇదో లెక్కా?" అంది నర్సరీ ఆవిడ. గుమ్మంలో ఉన్న లైబ్రేరియన్ వైపు తిరిగింది. "ఏం బాబూ, రేపు పొద్దున నా కూరగాయల పుస్తకం నేనే కుట్టుకుంటా. తాళం తీసి ఉంచుతావా?"

"ఎల్లుండి కూడా రండి. అతుకులు లేని పుస్తకం ఇక్కడ ఒక్కటీ లేదు," అన్నాడతను.

నాలుగున్నరకి నవల వీపుకి పలచగా జిగురు రాసి, పుస్తకాలు అదిమే ప్రెస్సులో పెట్టి, మర తిప్పి బిగించింది. 'పొద్దుటిదాకా విప్పకండి' అని చీటీ రాసి పైన పెట్టింది. గిన్నె కడిగి బోర్లించింది. అయిదయ్యింది.

"సంచి నేను పట్టుకుంటాను అక్కా," అన్నాడు లైబ్రేరియన్.

"వద్దు నాయనా. నా సంచి నేనే మోస్తాను," అని భుజాన వేసుకుంది. హాల్లో ఇరవై రెండు కుర్చీలూ నిండి ఉన్నాయి. చదువుకునేవాళ్ళెవరూ తలెత్తలేదు. అది చూసి ఆమెకు కడుపు నిండిపోయింది. చప్పుడు చెయ్యకుండా మెట్లు దిగి, ఎండలో కలిసిపోయింది.

ఆమె బల్ల మీద రేకు డబ్బా మూత తీసే ఉంది. విప్పిన ఆకుపచ్చ పుస్తకం మొదటి ఫారంలో సూది గుచ్చి ఉంది, దానికి బారెడు దారం ఎక్కించే ఉంది.