సహ్విరా మాటకు నవ్వాలి

చెనాయి వాళ్ల ఇంట్లోకి జైరోస్ ఏనాడూ అడిగి రాలేదు. వచ్చి పొయ్యి మీది కుండ మూత తీసి, "ఇది కూరా, ఆవుకు పెట్టే కుడితా?" అనేవాడు. ఆ తిట్టిన కూరతోనే మొక్కజొన్న పిండి సద్జా ముద్దంతా ఖాళీ చేసేవాడు. పోతూ పోతూ ఒక కోడిని చంకన పెట్టుకుపోయినా ఎవరూ కిక్కురుమనకూడదు. ఎందుకంటే అతను ఆ ఇంటికి సహ్విరా. తాతల నాడు రెండు వంశాలు కలుపుకున్న నేస్తం అది. ఆ ఇంట్లో ఎవరు పోయినా దగ్గరుండి గొయ్యి తవ్వించేది అతనే. పోయినవాళ్ల చొక్కా తొడుక్కుని, వాళ్ల నడక నడిచి, వాళ్ల పిసినారితనాన్నీ తాగుడునీ ఆడి చూపించి, ఏడ్చేవాళ్లను నవ్వించేదీ అతనే. మొహం మీదే నిజం చెప్పే హక్కు సహ్విరాది. నవ్వి ఊరుకోవడం విన్నవాళ్ల వంతు. కోపగించుకున్నవాడు మా దగ్గర నలుగురిలో తలెత్తుకోలేడు.

ఆ జైరోస్ ఒక మంగళవారం చెనాయి పనిచేసే ఆసుపత్రికి వచ్చాడు. రెండు గదుల ఆసుపత్రి, డాక్టరు లేడు. ఎవరికి మాత్ర చాలు, ఎవర్ని జిల్లా ఆసుపత్రికి బండెక్కించాలి అన్నది నర్సు చెనాయే తేల్చాలి. అతను గుమ్మంలోకి రాగానే బయట బల్ల మీద కూర్చున్న రోగులు సగం జబ్బు మరిచిపోయారు.

"తలనొప్పే పిల్లా," అన్నాడు కూర్చుంటూ. "ఈ తల తీసేసి ఇంకోటి పెట్టు. మీ నాన్నది మాత్రం వద్దు. అందులో సరుకు లేదు."

కిటికీ బయట నవ్వులు. చెనాయి నవ్వుతూనే అతన్ని తూకం మీద నిలబెట్టింది. ముల్లు చూశాక నవ్వు తగ్గింది.

"ఇంత చిక్కిపోయావేంటి సహ్విరా?"

"మీ ఇంట్లో తిండి మానేశాగా. అందుకే బతికున్నా."

"నిద్ర పడుతోందా?"

"మా ఆవిడకు పడుతోంది. ఆ గురక ఎవరూ ఎత్తుకుపోకుండా నేను కాపలా కాస్తున్నా."

"ఆలోచనలు ఎక్కువయ్యాయా?"

ఈ ప్రశ్న మా వైపు ఊరికే అడగరు. మనసు చెడిందని మేము అనం, ఆలోచనలు ఎక్కువయ్యాయంటాం. కిందటి వానాకాలం బస్సు బోల్తాపడి అతని ఒక్క కొడుకు రుంగానో పోయాడు. ఆచారం ప్రకారం ఆ చావులో నవ్వించినవాడు చెనాయి తండ్రి. రుంగానో టోపీ పెట్టుకుని ఆ కుర్రాడిలా ఈలవేస్తూ తిరిగాడు. అందరికంటే గట్టిగా నవ్వింది జైరోసే. నవ్వించేవాడు నవ్వకపోతే ఎలా?

"ఆలోచించాలంటే బుర్రుండాలి కదే," అన్నాడు.

చెనాయి కుర్చీ ముందుకు జరుపుకుంది. సూటిగా అడగమనే ఆమెకు చదువులో నేర్పారు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదనీ, అవునంటే మాత్రం మనిషిని ఒంటరిగా వదలొద్దనీ, ఇంటివాళ్లను పిలిచి వెంటనే బండెక్కించాలనీ చెప్పారు.

"సహ్విరా, చచ్చిపోవాలనిపిస్తోందా?"

"అనిపించడమేంటే, రోజూ చస్తూనే ఉన్నా. నిన్న జొన్నచేలో చచ్చాను. ఎంతసేపు పడున్నా ఒక్కడూ ఏడవలేదు. విసుగొచ్చి లేచి ఇంటికొచ్చా."

కిటికీ బయట ఒకడికి నవ్వీనవ్వీ దగ్గొచ్చింది. చెనాయికీ నవ్వాగలేదు. కళ్లు తుడుచుకుని, ఆగి, అతని చేతులు చూసింది. మోకాళ్ల మీద ఊరకే పడున్నాయి, ఎవరివో అన్నట్టు.

వాకిట్లో ఆసుపత్రి బండి బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. నొప్పులు పడుతున్న ఒక పిల్లను జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్తోంది.

"బండిలో చోటుంది. పద. అక్కడ మనసుకు మందిచ్చే డాక్టరున్నాడు."

జైరోస్ బండి వైపు చూశాడు. "ఎక్కిస్తావా?" అన్నాడు. గొంతులో వేళాకోళం లేదు.

చెనాయి లేచింది. అంతలో డ్రైవరు అరిచాడు. "అమ్మో, జైరోసా! వాడు నవ్విస్తే బండి లోయలో పడుద్ది సిస్టర్!"

జైరోస్ మెడ నిటారుగా అయింది, కాడి మోపిన ఎద్దు మెడలా. "నేనెక్కితే ఆ పిల్ల దార్లోనే నవ్వి కనేస్తుంది. బిడ్డకు నా మూతి వచ్చిందనుకో, వాళ్లాయనకు నువ్వే సమాధానం చెప్పుకోవాలి!"

బల్ల మీద ముసలమ్మలు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. చెనాయి మళ్లీ కూర్చుంది. ఇంకెవరన్నా రోజూ చస్తున్నానంటే చెయ్యి పట్టుకుని ఎక్కించేదే. కానీ ఈయన జైరోస్. తలనొప్పికి మాత్రలిచ్చి, "శుక్రవారం రా. మీ ఆవిడ అమై రుంగానోనూ తీసుకురా," అంది. బండి దుమ్ము లేపుకుంటూ పోయింది.

శుక్రవారం రాకముందే కబురొచ్చింది. జైరోస్ తన ప్రాణం తానే తీసుకున్నాడు.

ఇలాంటి చావుకు పరాచికాలు కూడవని ఒకరిద్దరు గొణిగారు. "ఊరంతటినీ నవ్వి పూడ్చినవాణ్ణి ఏడ్చి పూడుస్తామా?" అన్నాడు పెద్దాయన. సహ్విరా చావులో అవతలి ఇంటివాళ్లే నవ్వించాలి. చెనాయి తండ్రికి పక్షవాతం వచ్చి నెలయింది. అన్న దేశంలో లేడు. వంతు చెనాయిది.

రుంగానో తల్లి కాబట్టి అందరూ అమై రుంగానో అని పిలిచే అతని భార్య, జైరోస్ కోటు తెచ్చి ఆమె భుజాల మీద వేసింది. చెనాయి అతని నడక నడిచింది. అతనిలా ముక్కు గోక్కుంది. జనంలో చిన్నగా నవ్వు మొదలైంది. సమాధి గొయ్యి దగ్గరకొచ్చాక ఆమె కాళ్లు ఆగిపోయాయి.

"వీడు నా దగ్గరికొచ్చాడు," అంది. "రోజూ చస్తున్నానన్నాడు. బండి వాకిట్లో ఉంది, చోటుంది, ఎక్కిస్తావా అని అడిగాడు కూడా. నేను నవ్వాను. తలనొప్పికి మాత్రలిచ్చి ఇంటికి పంపాను. వీణ్ణి చంపింది నేనే."

జనం గొల్లున నవ్వారు.

"అచ్చం జైరోసే!" ఎవరో తొడ చరిచారు.

"నిజం చెప్తున్నా!" చెనాయి గొంతు చీరుకుపోయింది. "నమ్మండి, నేనే!"

నవ్వు ఇంకా పెరిగింది. ఒక ముసలమ్మ నాలుక ఆడిస్తూ సంబరపు కూత పెట్టింది. ఆ కబురు తెలిసిన దగ్గర్నుంచీ పచ్చినీళ్లు ముట్టని అమై రుంగానో కూడా పొట్ట పట్టుకుని నవ్వుతోంది. చెంగుతో కళ్లొత్తుకుని, మా పద్ధతిలో చేతులు దోసిలిలా చేసి తట్టి దణ్ణం పెట్టింది.

"బతికించావు తల్లీ. ఇంకోసారి చెప్పు."

చెనాయి ఇంకోసారి చెప్పింది.