ఎనభై ఒక్క సెంట్లు

పేట మొత్తంలో నెలజీతం తెచ్చుకునేవాడు యేసుదాసు ఒక్కడే. రోజూ బస్సులో వెళ్లి తిరువూరు దగ్గర ఒక పల్లెలో ఐదో తరగతికి పాఠాలు చెబుతాడు. ఎవరికి ఉత్తరం వచ్చినా, నోటీసు వచ్చినా అతని గుమ్మం ముందుకే తెచ్చేవాళ్లు. అది అతనికి బాగానే ఉండేది.

డెబ్బై ఆరులో మేనత్త జోజమ్మ పట్టా పట్టుకొచ్చింది. ఆమె, చనిపోయిన భర్త శౌరయ్య కలిసి రాళ్లు ఏరి, కంప కొట్టి బాగుచేసుకున్న బంజరు అది. పదిహేడేళ్లుగా అందులో జొన్న, కంది వేసుకుంటున్నారు. ఇన్నాళ్లకు సర్కారు ఆమె పేరున రాసిచ్చింది.

యేసుదాసు నలుగురి ముందూ కాగితం విప్పాడు. విస్తీర్ణం అన్నచోట ‘హె. 0-81’ అని ఉంది.

"ఎనభై ఒక్క సెంట్లు," అన్నాడు.

జోజమ్మ మొహం పాలిపోయింది. "అదేంట్రా దాసూ? గొలుసు పెట్టి కొలిచినప్పుడు రెండెకరాలన్నారుగా. ఇదుగో, అంకెకి ముందు ఇంకేదో రాసుంది, అదేంటో చూడు."

ఆ అక్షరం ఏమిటో అతనికి తెలియదు. తెలియదని నలుగురిలో అనడానికి నోరు రాలేదు.

"ఆఫీసు గుర్తులే అత్తా. నాకు చదవడం రాదంటావా ఏంటి?"

జోజమ్మ కాగితం మడిచి కొంగున కట్టుకుంది.

ఆ సంగతి పక్క మామిడితోట ఆసామి వెంకటప్పయ్యకు చేరింది. యేసుదాసుకు కబురు పెట్టాడు. ఆ ఇంటి అరుగు మీద పేటవాళ్లెవరూ ఎన్నడూ కూర్చోలేదు. యేసుదాసుకు కుర్చీ వేయించాడు, కాఫీ ఇప్పించాడు.

"చదువుకున్నవాళ్లు, మీకు తెలియందేముంది మాస్టారూ! రేపు తగాదాలు రాకుండా, మీరు చదివిందే ఒక కాగితం మీద పెట్టండి."

యేసుదాసు గుండ్రటి అక్షరాలతో రాశాడు. తనది ఎనభై ఒక్క సెంట్లేననీ, మిగతా భూమితో తనకు సంబంధం లేదనీ ఉన్న ఆ కాగితం మీద జోజమ్మ వేలిముద్ర వేసింది. సాక్షిగా అతను సంతకం చేశాడు. వారం తిరక్కుండానే ఎనభై ఒక్క సెంట్లకు హద్దుగా కంచె పడింది. కంచె అవతల మామిడి మొక్కలు నాటారు.

రెండేళ్ల తర్వాత స్కూలుకి కొత్త లెక్కల పుస్తకం వచ్చింది. పాఠం చెప్పడానికి ముందు యేసుదాసు ఒకసారి చదువుకుంటున్నాడు. వంద చదరపు మీటర్లు ఒక ఆర్. వంద ఆర్‌లు ఒక హెక్టారు. క్లుప్తంగా ‘హె.’ అని రాస్తారు. ఒక హెక్టారంటే రెండెకరాల నలభై ఏడు సెంట్లు. అత్త పట్టాలో ఉన్నది ఎనభై ఒక్క సెంట్లు కాదు, ఎనభై ఒక్క ఆర్‌లన్నమాట. బోర్డు మీద గుణించి చూశాడు. తుడిచి మళ్లీ గుణించాడు. ఎన్నిసార్లు చేసినా రెండెకరాలే వచ్చింది.

పిల్లల్ని వదిలేసి తిన్నగా వెంకటప్పయ్య దగ్గరికి వెళ్లాడు. ఈసారి కుర్చీ వేయలేదు.

"మీకప్పుడే తెలుసు కదండీ?"

"తెలియకేం? భూముల సీలింగు చట్టం కోసం నా భూమి లెక్కలన్నీ హెక్టార్లలోనే కట్టిచ్చాను. అయితే ఆ కాగితం రాసింది నేను కాదుగా. దస్తూరీ ఎవరిది మాస్టారూ?"

జోజమ్మ అప్పుడు వెంకటప్పయ్య తోటలోనే కూలికి కలుపు తీస్తోంది. యేసుదాసు గట్టు మీద నిలబడే అంతా చెప్పాడు. ఆమె కొడవలి పక్కన పెట్టి విన్నది.

"ఆ రోజు నీకు తెలీదని ఒక్కమాట అంటే పోయేదిరా. నేనే ఇంకొకళ్లకి చూపించుకునేదాన్ని."

అతను ఆమె కాళ్లు పట్టుకోబోయాడు. ఆమె వెనక్కి జరిగింది.

తప్పు తనదేనని రాసి తాలూకా ఆఫీసులో అర్జీ పెట్టాడు. సెలవు పెట్టి తిరిగాడు. ఎవరి దగ్గరికి వెళ్లినా ముందు ఆ కాగితం తీసి, "ఈ సంతకం మీదే కదండీ?" అని అడిగేవారు. నాదేనండీ అనేవాడు. చివరికి అర్జీ పైఆఫీసుకి వెళ్లింది. అక్కడి నుంచి జవాబు రాలేదు.

డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో మరో అర్జీ రాసి, వేలిముద్ర కోసం అత్త ఇంటికి వెళ్లాడు. జోజమ్మ కంది పప్పు చెరుగుతోంది. ఆమె చేట దించలేదు.

"ఇంక వద్దు దాసూ. రెండేళ్లు ఎనభై ఒక్క సెంట్లే నాదనుకుని నిద్రపోయాను. నువ్వు నిజం చెప్పిన కాడ్నించీ ఆ కంచె చూస్తే అన్నం దిగట్లేదు. చెప్పకుండా ఉన్నా బాగుండేది."

యేసుదాసు వేలిముద్ర పడని కాగితం మడిచి జేబులో పెట్టుకుని బడికి వెళ్లే బస్సు కోసం రోడ్డెక్కాడు.