దెబ్బలో వాటా

పొద్దున్న పళ్ళు తోముకుంటూనే ఆ ఇంటి ఆడవాళ్ళు ఒకరి ఒళ్ళు ఒకరు చూసుకుంటారు. "ఇదెవరిదే?" అని ఒకరు మోచెయ్యి చూపిస్తే, "నాదే తల్లీ, రాత్రి ఆ మీసాలోడు తాగొచ్చాడు" అని ఇంకొకరు చెప్తారు. ఆ ఇంట్లో ఎవరికి దెబ్బ తగిలినా అయిదుగురి మీదా తలా కాస్త తేలుతుంది. చెంప పగలాల్సింది కందిపోయి ఊరుకుంటుంది. ఎప్పటి నుంచి ఇలా అని అడిగితే ఏం చెప్తారు? కుళాయిలో నీళ్ళెప్పుడొస్తాయో చూసుకుంటారు గానీ ఎందుకొస్తాయని ఎవరైనా అడుగుతారా!

దిగులుకి మాత్రం ఈ ఏర్పాటు లేదు. ఎవరిది వాళ్ళే మొయ్యాలి. వాళ్ళలో చిన్నది, అంటే ముప్పై దగ్గరపడుతున్నా అందరికంటే చిన్నది కాబట్టి చిన్నదే, వానలు మొదలైనప్పటి నుంచి సరిగ్గా నిద్రపోలేదు. గోడవైపు తిరిగి పడుకునేది. ఆస్పత్రి నర్సు మాత్రలిచ్చి, "ఎవరితోనన్నా మనసు విప్పి మాట్లాడు" అంది. పోయి పోయి తన దగ్గరికొచ్చే టైర్ల కొట్టాయనతో మాట్లాడింది. వేరే గది తీసుకుంటానన్నాడాయన. ఇంకెవరూ నీ తలుపు కొట్టరన్నాడు. అక్కడైనా నిద్ర పడుతుందేమోనని ఆశపడింది పిచ్చిది.

ఆ ఇల్లు నడిపే పెద్దక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"కండోమ్ వేసుకోమంటే ఇక్కడే నానా రభస చేసేవాడు. అక్కడ వేసుకుంటాడా?"

"మొగుడనుకున్నాక అదెందుకక్కా?"

"మొగుడా! నీ మొహం! ఈ గుమ్మం దాటితే నీ ఒళ్ళు నీదే. ఎన్ని దెబ్బలైనా నువ్వొక్కదానివే తినాలి. నాకూ నీకూ సంబంధం లేదు, ఫో!"

చిన్నది సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. పెద్దక్క ఆ పూట అన్నం ముట్టలేదు. ఏమైందంటే పంటినొప్పి అంది.

ఆ తర్వాత ఎవరి ఒంటి మీదా చిన్నదాని దెబ్బ కనబడలేదు. "బాగా చూసుకుంటున్నాడేమో అక్కా" అనేది కళ్ళజోడు పెట్టుకునే అమ్మాయి. కొడుతున్నా ఇంత దూరం రావట్లేదేమోనని అందరి గుండెల్లోనూ ఉంది. ఒంటి మీద ఏమీ లేని రోజున ఇంకా భయపడేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం కళ్ళజోడుకి ఫోనొచ్చింది. చిన్నదే.

"రక్తపరీక్షలో జబ్బు తేలిందే. ఆయన నుంచే అంటుకుంది. మందులతో తగ్గుతుందట, ఇద్దరం వాడాలట. కండోమ్ లేకుండా దగ్గరికి రానివ్వొద్దంది నర్సు. ఇవాళ చెప్పేస్తా."

"ఒక్కదానివే చెప్పకే! మేమొస్తాం, ఆగు."

"మెట్లెక్కుతున్నాడు. ఉంటా."

పెద్దక్క కూరగాయల పళ్ళెం మీంచి తలెత్తకుండానే, "ఏమంటోంది?" అంది. కళ్ళజోడు చెప్పింది. పెద్దక్క గబగబా లేచి చెప్పులు వెతుక్కుంది. ఆటో పిలవమనబోయింది గానీ మాట బయటికి రాలేదు.

నలుగురికీ ఒక్కసారే గొంతు బిగుసుకుంది.

కళ్ళజోడు నేల మీద కూలబడింది. మిగతా ఇద్దరూ గోడ పట్టుకున్నారు. ఊపిరి పూర్తిగా ఆగలేదు, సన్నగా ఆడుతోంది. పెద్దక్క అరచేత్తో నేల చరుస్తూ, "తియ్యండే... ఊపిరి తియ్యండి... దానికి కూడా మీరే తియ్యండి" అంది గుసగుసగా. తీశారు. కిటికీలోంచి చూసిన పక్కింటాయన, ఇవాళ వాటా పెద్దదొచ్చినట్టుందే అనుకుని ఆటో కోసం పరిగెత్తాడు.

ఆటో వచ్చేసరికి బిగువు వదిలింది. దారి పొడవునా అందరికీ ఒకటే భయం. బిగువు వదిలిందంటే వాడు చెయ్యి తీసినట్టా, అది పోయినట్టా?

చిన్నది ఆ గది మెట్ల మీద కూర్చుని ఉంది. ఎంత నొక్కినా మనిషి కళ్ళు మూయకుండా తననే చూస్తుంటే జడుసుకుని పారిపోయాడట టైర్ల కొట్టాయన.

"మీదాకా వస్తుందనుకోలేదక్కా" అంది బొంగురుగా.

పెద్దక్క తిట్టడానికి నోరు తెరిచింది. గొంతు పెగల్లేదు.

కళ్ళజోడు చిన్నదాని గడ్డం పైకెత్తింది. మెడ మీద ఒక్క చిటికెనవేలి గుర్తే ఉంది. మిగతా వేళ్ళు వీళ్ళకి తలా ఒకటి వచ్చాయి. బొటనవేలు పెద్దక్క మెడ మీద నల్లగా దిగబడి ఉంది.