కాగనని మొండికేసిన మెషిన్

స్విచ్ వేస్తే కాఫీ మెషిన్ లైటు వెలిగింది. పంపు గుర్రుమంది. నీళ్లూ వచ్చాయి, కాకపోతే కుళాయి నీళ్లంత చల్లగా. కోడలు కప్పులో వేలు ముంచి చూసి, నమ్మబుద్ధి కాక మళ్లీ ముంచింది.

ఆమె సిటీ బస్సు నడుపుతుంది. కొత్త డ్రైవర్లకు నేర్పే పని ఆ వారమే ఆమెకు అప్పగించారు. డిపోలో వాళ్లంతా పార్టీ అంటూ చుట్టుముడితే, "మా ఇంటికి రండి, నా చేత్తో ఎస్ప్రెస్సో చేసి పోస్తా" అని గొప్పగా పిలిచేసింది. వాళ్లు వచ్చేది ఆ సాయంత్రమే.

ఆఫీసులో ఉన్న భర్తకు ఫోన్ చేస్తే "పాతదే కదా, వదిలెయ్. మామూలు కాఫీ పెట్టెయ్" అన్నాడు. రిపేరు షాపువాడు వచ్చే వారం తెమ్మన్నాడు. ఆమె ఉసూరుమంటూ ఫోన్ పక్కన పడేసింది.

"ఏమైంది?" అంటూ అత్తగారు వంటింట్లోకి వచ్చింది. ఆవిడ పళ్ల డాక్టరు. ఆ రోజు క్లినిక్‌కు సెలవు. అత్తాకోడళ్ల మధ్య పొరపొచ్చాలేమీ లేవు గానీ, ఈమె డ్యూటీకీ ఆవిడ క్లినిక్‌కూ వేళలు కలవక, "తిన్నావా", "తిన్నానత్తయ్యా" దాటి మాటలు సాగింది తక్కువ.

సంగతి విని ఆవిడ కళ్లజోడు సర్దుకుంది.

"లైటు వెలుగుతోంది, పంపు తిరుగుతోంది. అంటే కరెంటు లోపలిదాకా వస్తున్నట్టే. వేడి చేసేదొక్కటే పడుకుంది. విప్పి చూద్దామా?"

"మీరెప్పుడైనా విప్పారా అత్తయ్యా?"

"లేదు. నువ్వు?"

"నేనూ లేదు."

"మరింకేం, ఇద్దరం సమానమే," అంటూ ఆవిడ కుర్తా చేతులు పైకి మడుచుకుంది.

ప్లగ్గు పీకేశారు. ట్యాంకులో నీళ్లు వంపేసి, పైమూత మరలు విప్పారు. లోపల నున్నటి ఇత్తడి బాయిలరు, దాని చుట్టూ రంగురంగుల తీగలు. బస్సు ఇంజను మూత ఎత్తినప్పుడు కలిగే హుషారే కోడలికి ఇప్పుడూ కలిగింది. ఏ తీగ ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలని ముందు ఫోన్లో ఫోటోలు తీసుకుంది. తర్వాత భర్త ముచ్చటపడి కొని ఒక్కసారీ వాడని, కరెంటు పరీక్షించే చేతి మీటరు వెతికి తెచ్చింది. దాని రెండు మొనలను ఏ భాగానికైనా రెండు చివర్లా ఆనిస్తే, లోపల కరెంటు దారి తెగకుండా ఉంటే కుయ్‌మంటుంది. తెగితే మూగబోతుంది.

"పన్ను నొప్పని వచ్చినవాళ్లకు ఒక్కోసారి ఏ పన్నో తెలీదు," అంది అత్తగారు. "ఒక్కొక్కటీ తట్టి చూడాల్సిందే. పట్టు."

నీటిని కాచే హీటరు చుట్టకు ఆనించారు. కుయ్‌మంది. వేడిని అదుపు చేసే థర్మోస్టాట్‌కు ఆనించారు. అదీ కుయ్‌మంది. ఇక మిగిలింది తెల్లటి తొడుగులో దాక్కున్న చిన్న ఫ్యూజు. ఆనిస్తే ఉలుకూ పలుకూ లేదు. మొనలు అటూ ఇటూ మార్చినా అంతే.

"దొరికింది," అంది కోడలు. "వేడి మితిమీరితే ఇది కరిగి కరెంటు ఆపేస్తుందత్తయ్యా. నేను షాపుకి పరిగెడతా."

"ఆగు. వేడి ఎందుకు మితిమీరిందో తెలియకుండా కొత్తది వేస్తే అదీ పోతుంది."

అత్తగారు బాయిలరు మీది భాగాలన్నిటినీ వేలికొసతో నెమ్మదిగా నొక్కుతూ వచ్చింది. థర్మోస్టాట్ దగ్గర వేలు ఆగింది.

"ఇదిగో, కదులుతోంది. మర వదులైంది. బాయిలరుకి ఆనకపోతే అదెంత కాగిందో దీనికేం తెలుస్తుంది?"

ఆ మర బిగించి, కోడలు పాత ఫ్యూజు జేబులో వేసుకుని వీధి చివరి ఎలక్ట్రికల్ షాపుకి దాదాపు పరుగు తీసింది. షాపాయన దాని మీది అంకెలు చూసి అచ్చం అలాంటివే రెండు ఇచ్చాడు. అడక్కుండానే పొట్లంలో చిన్న చిన్న రాగి గొట్టాలు కూడా వేశాడు. అవి ఎందుకని అడిగే ఓపిక ఆమెకు లేదు.

ఇంటికి రాగానే భర్త సోల్డరింగ్ కడ్డీ కాల్చి, సీసం కరిగించి కొత్త ఫ్యూజును చక్కగా అతికింది. ఆత్రంగా మీటరు ఆనించింది. కుయ్యి లేదు, కయ్యి లేదు.

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. ముందు అత్తగారికే తట్టింది. ఆవిడ ఆపుకోలేక నవ్వింది.

"వేడి తగిలితే చచ్చిపోవడమే దాని ఉద్యోగం. మనమేమో కాలుతున్న కడ్డీ పెట్టి అతికాం."

"ఛ, ఆ గొట్టాలు అందుకా," అని కోడలు నెత్తి మీద మొట్టుకుంది. తీగ కొస, ఫ్యూజు కొస ఒకే గొట్టంలో దూర్చి నొక్కేస్తే సరిపోయేది, సోల్డరింగ్‌తో పనే లేదు. ఇక మిగిలింది ఒక్క ఫ్యూజు. అత్తగారు పట్టకారు అందుకుంది. కోడలు ఊపిరి బిగబట్టి కొసలు కదలకుండా పట్టుకుంటే, ఆవిడ రెండు వైపులా గట్టిగా నొక్కింది.

కుయ్‌మంది.

తొడుగు వేశారు, మూత బిగించారు, ట్యాంకు నింపారు. కోడలు ప్లగ్గు పెట్టి స్విచ్ వేసింది. లైటు వెలిగింది. కాసేపు ఏమీ కాలేదు. ఆ తర్వాత లోపల్నుంచి సన్నగా చిటపటమంటూ నీళ్లు కాగే చప్పుడు మొదలైంది. మెషిన్ నెత్తిన అరచెయ్యి పెట్టి చూసింది. గోరువెచ్చగా ఉంది. చూస్తుండగానే చెయ్యి తీసేయాల్సొచ్చింది.

"కాగుతోందత్తయ్యా," అంటూ ఆమె అత్తగారిని వాటేసుకుంది. అట్లా వాటేసుకోవడం అదే మొదలని తర్వాత గానీ తట్టలేదు. ఆవిడ వీపు తడుతూ, "ముందు పొడి వెయ్యి, నాకు ప్రాణం లాగేస్తోంది," అంది.

తేనె రంగు ధార కప్పులోకి దిగింది. పొగలు కక్కుతున్న ఆ కప్పులోంచే ఇద్దరూ చెరో గుక్క తాగుతుంటే వాకిట్లో గోల వినిపించింది. డిపో దండు దిగింది. కోడలు తలుపు తీసేలోపే అత్తగారు ఎదురెళ్లి, చేతిలో పట్టకారుతోనే, ఫ్యూజు ఎలా చచ్చిందో చెప్పడం మొదలుపెట్టింది.